మూత పెట్టిన కొండ

కర్నూలు,
11-7-1955

నువ్వు బీదల కడుపు మీద కంచె వేసినావు.

‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెడదామనే కలం పట్టుకున్నానక్కా, చేయి సాగలేదు. కుశలం ఎవరిది? మనదా, మన కొండకింది బోయగేరిదా? నిన్న ఓబన్న మా ఇంటికి వచ్చినాడు. అదే, గురమ్మ మొగుడు. ఇక్కడ రాజధాని కట్టడాలకు రాళ్ళు మోస్తున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు గాని రామేశ్వరమ్మ పెట్టిన ఉప్మా ముట్టలేదు. “ఏమప్పా, ఊళ్ళో అందరూ బాగేనా?” అంటే, “బాగుండేదేమి సామీ, మీ అక్క మా ఆడదాని కొడవలి గుంజుకొని కొండకు కావలి పెట్టింది. కూలీ లేదు, నాలీ లేదు” అన్నాడు. రామేశ్వరమ్మ నా మొహం వైపు చూసింది. ఊరూరా తిరిగి వెట్టి పోవాలని గొంతు చించుకునే మొగుని మొహం అది. ఆ చూపుకు జవాబు నువ్వే చెప్పాలని రాస్తున్నాను.

కూలి ఇవ్వకుండా మనిషిని పనికి పెట్టుకుంటే దాన్ని వెట్టి అంటారు. పెట్టింది నవాబైతేనేమి, నా తోడబుట్టినదైతేనేమి?

కొండను కాపాడుతున్నానంటావు. ఎవరి నుంచి? కలిగినోళ్ళకు చెట్టు మీద ప్రేమ ఎప్పుడు పుడుతుందో నేను చెప్తాను విను. బీదవాడు దాని కొమ్మ మీద చేయి వేసినప్పుడు పుడుతుంది. అంతవరకు అది రాళ్ళగుట్ట. మన నాయన ఆ కొండను జాగీర్దారు వాళ్ళ దగ్గర ఎందుకు కొన్నాడు? నలుగురిలో కొండ గల ఆసామి అనిపించుకోవడానికి. బతికినన్నాళ్ళలో ఒకసారన్నా ఎక్కినాడా? గుర్రాన్ని కొని వాకిట్లో కట్టేసుకున్నట్టు కొండను కొని కట్టేసుకున్నాడు. ఇప్పుడు నువ్వు దాని కళ్ళెం పట్టుకొని నిలబడినావు. సొంత అడవి గలవాడైనా కలెక్టరు అనుమతి లేకుండా మాన్లు కొట్టకూడదని సర్కారు చట్టం చేసిందంటే, ఆసాములు అడవిని తెగనమ్ముకోకుండా చేసింది. గురమ్మ పుల్ల ఏరుకోకూడదని కాదు.

కాబట్టి విను. కొండ నా పేరున ఉంది. ఆ అధికారంతోనే ఓబన్న చేతికి ఒక కాగితం రాసిచ్చినాను: ‘ఊరివాళ్ళెవరైనా కొండ మీద కట్టె, గడ్డి తెచ్చుకోవచ్చు, ఎవరూ అడ్డు పెట్టరాదు’ అని. సంతకం చేసినాను. రేపు ఊరికి వస్తున్నాడు. మర్యాదగా గురమ్మ కొడవలి గురమ్మకు ఇచ్చేయి.

నీ మోకాళ్ళకు తైలం సీసా కూడా వాని చేతనే పంపుతున్నాను. కోపం వేరు, మోకాళ్ళు వేరు. ఇక్కడ మనుషులకు ఇండ్లు లేవు, కచ్చేరీలకు గోడలు లేవు. గుడారాల్లోనే రాజ్యం. గాలి లేస్తే ఫైళ్ళు తుంగభద్ర దాకా ఎగురుతున్నాయి.

కోపం తగ్గని నీ తమ్ముడు
శేషన్న

* * *

గట్టుకిందపల్లె,
18-7-1955

శేషన్నకు అక్క దీవెన. దీవెన రాయకుంటే నాయన కలలోకొచ్చి తిడతాడని రాస్తాండా, నీ మింద ముద్దుకు గాదు.

తైలం అందె. పూసుకుంటాండా. నీ ఉపన్యాసం గూడ అందె. అది యాడ పూసుకోవల్ల?

కరువులో నువ్వు ఈడ లేవు. ఆ యేడు కొండ మింద ఆకు లేదు, పోచ లేదు. ఎముకలు తేలిన గొడ్డు మాదిరి ఉండె. చండ్ర, చిరుమాను, నారేప, ఏది చూసినా మొండెమే. కరువు పోయినంక బోయగేరోళ్ళూ మనోళ్ళూ అందరూ మన వాకిట్లో కూడి ఒక కట్టు చేసుకుంటిమి. మృగశిర వానకు కొండ మూత పెట్టేది. గడ్డి గింజ రాలినంక స్వాతికార్తెలో తెరిచేది. నడమ ఎవరన్నా కొడవలి తీసుకొని ఎక్కి దొరికితే కొడవలి గుంజి పెట్టుకునేది. ఎవరు దొరికితే వాళ్ళే కావలి, ఇంకోరు దొరికేదాకా. తెరిచిన దినం మొదటి కోత కావలున్నోళ్ళది. ఇదప్పా నువ్వు చెప్పే వెట్టి.

“జీతగాణ్ణి పెడితే వాడు నిద్రపోతాడు రెడ్డెమ్మా. దొంగనే కావలి పెట్టు. దొంగదావలన్నీ దొంగకే తెల్సు” అని చెప్పి నవ్వింది ఎవరనుకుంటివి? గురమ్మనే! ఇప్పుడు వంతు ఆమెకే వచ్చె. ఓబన్న ఈ మాట నీకు చెప్పలే. నువ్వు అడగలే. అడిగింటే నీ కోపానికి పని ఉండదు గదా.

ఊరోళ్ళెవరైనా అని రాసినావంట. ఊరోళ్ళంటే ఎవరప్పా? నీ పుస్తకాల్లో అందరూ గురమ్మలే ఉంటారేమో. ఈడ తలమోపు ఎత్తుకునేవాళ్ళూ ఉండారు, బండ్ల మింద బండ్లు కట్టేవాళ్ళూ ఉండారు. తలకు పట్టేదెంత, బండికి పట్టేదెంత? కొండ మొగం చూడనోనికి కొండ మింద సంతకం పెట్టే అధికారం ఎవరిచ్చిరో గాని, ఆ కాగితం వెంటనే వాపసు తీసుకో.

కొర్ర మొలిచె. వాన రోంత పడి నిలిచిపోయె. మన చిన్నాయన కొడుకు అయ్యన్న బేతంచెర్ల స్టేషను పక్కన సున్నపు బట్టీ పెట్టినాడు. రాజధాని గోడలకు వాని సున్నమేనంట. మొన్న ఎదురుపడి నీ క్షేమం అడిగినాడు. వాడు ఊరికే ఎవరి క్షేమమూ అడగడు.

రామేశ్వరమ్మను అడిగినానని చెప్పు. పాపం, నీతో ఎట్ల ఏగుతాందో.

మీ అక్క
హంపమ్మ

* * *

కర్నూలు,
30-7-1955

అక్కకు నమస్కారం. మోకాళ్ళు తగ్గినాయో లేదో రాయలేదు. నాలుకకు మాత్రం ఏ జబ్బూ లేదని తెలిసింది, సంతోషం.

బోయగేరి వాళ్ళే కట్టు చేసుకున్నారంటావు. ఎప్పుడు? కరువు వెనకనే. యాడ? మన వాకిట్లో. ఎవరి ముందర? కరువులో గంజి పోసిన నీ చేతి ముందర. కడుపు కాలినవాడు కింద నిలబడి తల ఊపితే దాన్ని ఒప్పందం అంటారా? ఆ రోజు నువ్వు అరుగు మీద కూర్చున్నావా, గురమ్మ పక్కన నేల మీద కూర్చున్నావా? ముందు అది చెప్పు, తర్వాత కట్టు సంగతి మాట్లాడుదాం.

గురమ్మ నవ్విందని రాసినావు. మనవాళ్ళ ముందర వాళ్ళు నవ్వకుండా ఏ మాట చెప్పగలిగినారక్కా? తిట్టదలుచుకున్నా నవ్వుతూనే తిట్టాలి. నువ్వు నవ్వు ఒకటే విన్నావు.

కొండలన్నిటికీ ఒకే నీతి ఉండదు. దాన్ని పట్టుకున్న చెయ్యి ఏ పుట్టుకదో, కొండ నీతి ఆ పుట్టుకది. చేన్లు గల ఇంట్లో పుట్టినవాళ్ళం, మనకు అడవి అంటే గొడ్లకు గడ్డి, ఇంటికి దూలం, ఊళ్ళో మాట చెల్లుబాటు. ఏమీ లేని ఇంట్లో పుట్టినదానికి అడవి అంటే ఈ పూట పొయ్యి. మన నీతి ప్రకారం ఆమె దొంగ. ఆమె నీతి ప్రకారం మనమెవరమో ఎప్పుడన్నా అడిగినావా?

ఇంకొక సంగతి. ఓబన్న ఊరి నుంచి తిరిగి వచ్చినాడు. కొండ నుంచి బండ్లకు బండ్లు కట్టె దిగుతోందట! గేరిలో పని లేని ఇల్లు లేదట! ఈసారి ఉప్మా తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు కూడా. చూసినావా ఒక్క సంతకం ఏం చేసిందో? బండి బాడిగకు తెచ్చుకొని నాలుగు ఊళ్ళ సంతల్లో కట్టె అమ్ముకుంటున్నారన్నమాట. నువ్వేమో తలకెంత, బండికెంత అని భయపెడితివి. బీదవానికి బండి దొరికితే తప్పా?

ఆడబిడ్డకు ఆస్తిహక్కు మీద ఢిల్లీలో నడుస్తున్న గొడవ గురించి నేను రాసిన వ్యాసం పడింది. పత్రిక పంపుతున్నాను. తీరిక చేసుకొని చదువు.

గెలిచిన తమ్ముడు
శేషన్న

* * *

గట్టుకిందపల్లె,
9-8-1955

నీకు వాటా ఎంత?

ఎవరి బండ్లు అని ఓబన్నను అడిగినావా? లేదు. ఉప్మా తిన్నది చూసి మురిసిపోయినావు. అవి అయ్యన్న బండ్లు. కట్టె పోయేది సంతకు గాదు, బేతంచెర్లకు, వాని సున్నపు బట్టీకి. ఓబన్న తెచ్చిన కాగితం గేరిలో ఎవరికీ చదవను రాదు. చదివి చెప్పమని అయ్యన్న దగ్గరికి తీసుకపోయిరి. వాడు చదివినాడు. శానా బాగ చదువుకున్నాడు.

గొడ్డళ్ళ చప్పుడు విని నేను కొండెక్కితి. మోకాళ్ళ మాట అడగొద్దు. అయ్యన్న గొడుగేసుకొని బండ మింద కూచోని ఆకు నములుతాండాడు. “రాక్కా, ఎండలో ఎందుకొచ్చినావు? కబురు పెడితే నేనే వస్తుంటి గదా” అన్నాడు.

“ఎవర్నడిగి కొడ్తాండావురా?”

తలగుడ్డలోంచి నీ కాగితం తీసినాడు. “ఆసామినే అడిగినా. ఊరివాళ్ళెవరైనా అని రాసినాడు నీ తమ్ముడు. నేను ఊరోణ్ణి గానా? నా ఓటు ఈడ లేదా? ఇంగ కొట్టేది నేను గాదు తల్లీ, నీ బోయోళ్ళే. నేను కూలి ఇస్తాండా. శేషన్న చెప్పే ధర్మమే చేస్తాండా.”

చూస్తే గురమ్మ చేతిలో గొడ్డలి. కావలుండాల్సిన మడిసి! “ఏమే గురమ్మా, ఇదేమి పని?” అంటి.

“కావలుంటే కడుపు నిండునా రెడ్డెమ్మా? అయ్యన్న పొద్దుగూకేసరికి కూలి చేతిలో పెడ్తాండాడు. నువ్వు స్వాతికార్తె దాకా కూచోమంటివి.”

“మోడు గూడ మిగలకుండా తవ్వుతాండారే, మళ్ళ చిగురు యాడొస్తాది?”

“చిగురా?” అని గొడ్డలి కింద పెట్టె. “చిగురొస్తే మాత్రం మాకు మిగులునా? మూత పెట్టినంక మీ ఎద్దులు కొండ మింద మేయలేదా? మేం చూడలేదా? ఎద్దు చేతిలో కొడవలి ఉండదు గదా, యాడ పట్టుకుందురు!”

అందరూ నవ్విరి. బండోళ్ళు నవ్విరి, అయ్యన్న ఉమ్ము మింగుకొని నవ్వె. నేను దిగొచ్చేస్తి.

దిగేటప్పుడు వాడు వెనక నుంచి ఇంకోటి చెప్పినాడు. ఇట్ల రోంత రోంత కొడితే దొంగతనం మాదిరి ఉంటాదని, కొండ మొత్తం కొట్టేదానికి అనుమతి ఇయ్యమని కలెక్టరుకు అర్జీ పెట్టినాడంట. ఆసామి ఒప్పుకున్నాడని నీ కాగితం నకలు దానికి కుట్టినాడంట. ఆఫీసరు విచారణకు వస్తాడంట. నీ సంతకం మింద నీ కొండ పోతాది. ఒక్క తూరి మొత్తం కొట్టినారంటే నేను సచ్చేలోపల మళ్ళ లేయదు. గేరిలో పిల్లోళ్ళకు గూడ పుల్ల ఉండదు, పోచ ఉండదు.

వాటా లేకుంటే లేదని రాయి. ఉంటే అదీ రాయి.

హంపమ్మ

* * *

కర్నూలు,
17-8-1955

అక్కా,

వాటా! ఆ ముక్క చదివి అన్నం ముందర నుంచి లేచిపోయినాను. రామేశ్వరమ్మ, “కోపం మీ అక్క మీద, అలక నా సంగటి మీదనా?” అని మళ్ళీ కూర్చోబెట్టింది. నాకు వాటా లేదు. అయ్యన్న మొహం చూసి ఏండ్లైంది. నేను కొండను అమ్ముకుంటానని నువ్వెట్లా అనుకున్నావు?

అయినా అయ్యన్న చేసింది చూసి మూతే మంచిదంటావేమో, ఒప్పుకోను. తప్పు తలుపు తెరవడంలో లేదు. తెరిచిన తలుపులో బలిసినవాడు ముందు దూరడంలో ఉంది. తలుపు మూసినా వాడు గోడ దూకేవాడే.

ఎద్దుల మాటకు నవ్వినాను. నవ్విన తర్వాత గుర్తొచ్చింది, ఆ ఎద్దులు దున్నేది నా పేరున ఉన్న చేనే కదా అని. ఇక నవ్వు రాలేదు.

దీనికంతా ఒకటే మందు. ఆలోచించి నిర్ణయం చేసినాను. కొండ ఎవరి పేరునా ఉండకూడదు. వచ్చే నెల నందికొట్కూరులో భూదాన సభ జరుగుతుంది. ఆ వేదిక మీద కొండ మొత్తం దానం చేస్తున్నాను. కరపత్రంలో నా పేరు, కొండ పేరు అచ్చయినాయి కూడా. ఇక అయ్యన్న అర్జీ చెల్లదు. కొండ నాది కాదు, నీది కాదు, లోకానిది.

నీకు కూడా భారం తీరుతుంది. ఈ వయసులో ఎండలో కొండలెక్కి గొడ్డళ్ళకు అడ్డం పడడమెందుకు? మా దగ్గరికి వచ్చేయి. రామేశ్వరమ్మ వెనక గది కడిగించింది.

నీ మేలు కోరే
శేషన్న

* * *

గట్టుకిందపల్లె,
29-8-1955

తమ్ముడు శేషన్నకు హంపమ్మ రాసేది.

వాటా లేదన్నావు, నమ్మినా. అట్ల అడిగింది తప్పే.

వెనక గది కడిగించినందుకు రామేశ్వరమ్మకు శానా సంతోషమని చెప్పు. దాంట్లో ఎండుమిరపకాయలు పోసుకోమను.

రాళ్ళు దానం చేసి దండ ఏయించుకుంటావా? ఈ పక్క ఆసాములందరికీ ఇప్పుడు అదే పని. మొలక లేయని గుట్ట దానం, ఏటిగడ్డ చేను దాపు. లోకానిది అని రాసినావు. లోకం అనేటోడు యాడుంటాడు? పుల్ల కొట్టొద్దని చెప్పేదానికి పొద్దున్నే లేసి కొండెక్కుతాడా? సభ అయినంక నీ దానం కాగితం ఎవరి పెట్టెలోనో పడుంటాది. అయ్యన్న మాత్రం యాడికీ పోడు, బండ్లు కట్టుకొని ఈడనే ఉంటాడు.

అరుగు మింద కూచుంటివా, నేల మింద కూచుంటివా అని అడిగితివి. అరుగు మిందనే కూచుంటి. ఆ దినం అది నాకు తట్టనే లేదు. నీ పొగరు ఉత్తరంలో అదొక్కటే పనికొచ్చే మాట.

ఎద్దుల్ని కొండకు తోలేది నిలిపేస్తి. కొట్టంలో కట్టేసి, యేడాదికని దాచుకున్న జొన్నసొప్ప ఏస్తాండా. చిక్కిపోయినాయి. “బోయది ఒక మాటంటే ఎద్దుల్ని కట్టేసుకుంటావా?” అని మనోళ్ళు ఎగతాళి చేస్తాండారు. గురమ్మ ఆ మాట విని చూసేదానికి వచ్చె. కొట్టంలోకి తొంగి చూసి, “నిజంగానే కట్టేసినావే!” అని గడప మింద కూచునె. నేనూ కూచుంటి. ఈసారి అరుగెక్కలే.

ఇద్దరం తిట్టుకుంటిమి. అయ్యన్న కూలికి కొండను మోడు చేస్తాండావే, వచ్చే యేడు మీ మేకలు ఏమి తింటాయి అని నేనంటి. దానికి ఆమె ఏమనెనో రాస్తా విను.

“వచ్చే యేడు అనేది చేనుండేవాళ్ళ మాట రెడ్డెమ్మా. నీకు చేనుండాది, గాదె ఉండాది, కాబట్టి వచ్చే యేడు ఉండాది. నాకు ఈ పూట ఉండాది. కొండ నీది. నీ కొండకు వచ్చే యేడు నేనెందుకు కావలుండల్ల?”

“కొండ నాది గాదే” అంటి.

ఆమె నమ్మలే. నువ్వు పంపిన పత్రిక గుర్తొచ్చి లోపలి నుంచి తెచ్చి ఆడబిడ్డకు ఆస్తి గురించి నువ్వు రాసింది చదివి వినిపిస్తి. శానా బాగ రాసినావు శేషన్నా. ‘భూమిని కాపాడిన చేతికి భూమి మీద పేరు ఉండాలి’ అన్న కాడ గురమ్మ నిలిపె. “ఇది రాసింది మీ తమ్ముడేనా?”

“అవును.”

“కొండ ఎవరి పేర్న ఉండాది?”

“వాని పేర్నే.”

ఆమె నవ్వుతాదనుకుంటి. నవ్వలే. “అయితే నువ్వు గూడ మా మాదిరే కావలిదానివేనా!” అనె.

నాయన పొయ్యేటప్పుడు చేన్లు, ఇల్లు, కొండ అన్నీ నీ పేర్నే రాసె. నాకు, “కొండను చూసుకుంటా ఉండు బిడ్డా” అని చెప్పె. నువ్వు రాసినావే, పట్టుకున్న చెయ్యి ఏ పుట్టుకదో కొండ నీతి ఆ పుట్టుకదని. ఒప్పుకుంటాండా. నాయనకు కొండ అంటే పేరు. అయ్యన్నకు సున్నం. నీకు వాదం. నాకేందో చెప్తా. మొగుడు సచ్చి తిరిగొచ్చిన దినం నుంచి, యాడికి పోతాండావు, ఎందుకు పోతాండావు అని ఎవరూ అడగకుండా నేను పొయ్యే చోటు అదొక్కటే. మూత పెట్టింది గడ్డి కోసమే గాదు. నా చేతిలో ఇంకేమీ లేదు, దాన్ని బిగబట్టుకుంటి. ఏమీ లేనోళ్ళ మింద బిగబట్టుకుంటి. అది గురమ్మ కనుక్కునె. నువ్వు గాదు.

దానం మానుకో. కొండ నువ్వు ఇచ్చేదీ గాదు, లోకం తీసుకునేదీ గాదు.

హంపమ్మ

* * *

కర్నూలు,
5-9-1955

అక్కా,

నీ ఉత్తరం రామేశ్వరమ్మ చదివి నాకు ఇవ్వలేదు, తానే పైకి చదివి వినిపించింది. కావాలనే కొన్ని చోట్ల నిలిపింది.

భూదానం వాళ్ళ దగ్గరికి పోయి పేరు తీసేయమన్నాను. కరపత్రాలు పంచేసినామని వాళ్ళు కోప్పడినారు. “మీ అక్కకు భయపడినావా?” అని ఒకాయన నవ్వినాడు. అవునన్నాను. ఎంత పెద్ద సభలోనూ ఇంతకంటే నిజమైన మాట నేను చెప్పి ఉండను.

నేను ఓడిపోయినానని మాత్రం అనుకోవద్దు. వెట్టి మీద నేను అన్నది అన్నట్టే ఉంది. కావలికి కూలి ఇవ్వకపోవడం తప్పు; మొదటి కోత అని, కట్టు అని ఎన్ని పేర్లు పెట్టినా తప్పే. గురమ్మ గొడ్డలి పట్టడానికి అయ్యన్న ఎంత కారణమో ఆ కూలి లేని కావలి అంత కారణం. దీని మీద నీతో ఇంకా వాదిస్తాను, ఎదురుగా కూర్చొని వాదిస్తాను.

కాని విచారణకు రమ్మని నాకు కాగితం అందింది. ఈ నెల 21, బుధవారం, కొండ దగ్గరనే. ఆసామిగా నేను ఏం చెప్తే అది రాసుకుంటారు. ఇన్నాళ్ళూ నాకు తోచింది నేను చేసి నీకు చెప్పినాను. చేసిన ప్రతిదీ అయ్యన్న బండికి ఎద్దై కూర్చుంది. ఈసారి నువ్వు చెప్పు. గురమ్మతో కూడా మాట్లాడి చెప్పు. సామెతలు వద్దు, తిట్లు వద్దు, ఏం కావాలో వరుసగా రాయి.

శేషన్న

* * *

గట్టుకిందపల్లె,
12-9-1955

శేషన్నకు అక్క దీవెన. ఈసారి ముద్దుకే.

నీ ఉత్తరం రాంగానే గేరికి పోతి. గురమ్మ, ఇంకా పుల్లకు పొయ్యే ఆడోళ్ళందరూ కూడిరి. రెండు పొద్దులు తెగలేదు. నాకు నచ్చనివీ దీంట్లో ఉండాయి, వాళ్ళకు నచ్చనివీ ఉండాయి. అయ్యన్న కూలి పోతాదని ఇద్దరు ముగ్గురు ఏడ్చిరి గూడ. వాళ్ళ ఏడుపు అబద్ధం గాదు, అది గుర్తు పెట్టుకొని రా. కావలి కూలి కాడ నీ ఉత్తరం చదివి వినిపిస్తి, నేను ఓడిపోతి. ఓబన్నకు చెప్పి పంపొద్దు, నువ్వే రావల్ల. మోకాళ్ళు తగ్గలే.

మీ అక్క
హంపమ్మ

మేం అడిగేవి:

ఒకటి. నువ్వు రాసిచ్చిన కాగితం చెల్లదని ఇంకో కాగితం రాసి, బుధవారం ఆఫీసరు ముందర నోటితో గూడ చెప్పల్ల. ఉపన్యాసం వద్దు.

రెండు. కొండ సగం నా పేర్న, సగం గేరిలో పుల్లకు పొయ్యే ఆడోళ్ళ పేర్న రాసియ్యల్ల. మొగోళ్ళ పేర్న వద్దు. ఓబన్నకు కోపమొస్తే గురమ్మతో మాట్లాడుకోమను.

మూడు. మూత ఉంటాది. మన ఎద్దులకూ ఉంటాది, అయ్యన్న ఎద్దులకూ ఉంటాది.

నాలుగు. మూతలో రాలిన ఎండుపుల్ల ఏరుకుంటే తప్పు గాదు. ఇది నాకు ఇష్టం లేదు, ఒప్పుకున్నా.

ఐదు. కావలున్నోళ్ళకు దినదినమూ జొన్నలు. మూత పెట్టినప్పుడు గూడ కడుపు ఉంటాది. కాగితంలో పేర్లు ఎక్కేదాకా మన గాదెలోంచి, ఎక్కినంక అందరి గడ్డి అమ్మకంలోంచి.

ఆరు. అయ్యన్న కొట్టిన తావులో చిగురు మడిసెత్తు లేసేదాకా మేకలు గూడ పోవు. ఇది వాళ్ళకు ఇష్టం లేదు, ఒప్పుకున్నారు.

ఏడు. ఇంగమింద ఏ కట్టు మార్చాలన్నా అందరూ కొండ మిందనే కూచోని మార్చల్ల. మన వాకిట్లో గాదు.

ఎనిమిది. దానం చేయాలని నీకు అంత ఉంటే నీ పేర్న ఉండే ఏటిగడ్డ చేను చెయ్యి.

తొమ్మిది. రాసిచ్చే కాగితంలో ఫలానా వాని పెండ్లామని, ఫలానా వాని అక్కని రాయొద్దు. హంపమ్మ అని రాయి. గురమ్మ అని రాయి. తక్కినోళ్ళ పేర్లు వాళ్ళనే అడిగి రాయి.